హెస్సియన్ ఈగను తట్టుకునే గోధుమ రకం తయారీ: పురుగు దగ్గర మొదలుపెట్టండి

వరి పండించే ఇళ్లలో ఉల్లికోడుకు పరిచయం అక్కర్లేదు. దోమంత ఈగ పిల్ల పిలక మొదట్లో చేరిందంటే వెన్ను రావాల్సిన చోట ఉల్లికాడలాంటి గొట్టం వస్తుంది. ఆ ఉల్లికోడుకు గోధుమలో ఒక దాయాది ఉంది, హెస్సియన్ ఈగ. రెండూ సెసిడోమైయిడే అనే ఒకే కుటుంబానివి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటన్ తరఫున పోరాడటానికి వచ్చిన హెస్సియన్ అనే జర్మన్ సిపాయిలు పరుపులకు తెచ్చుకున్న గడ్డిలో ఇది దిగిందని అక్కడి రైతులు నమ్మారు. అలా ఆ పేరు అంటుకుంది. అసలు పుట్టిల్లు మాత్రం గోధుమ పుట్టిన పశ్చిమాసియా వైపే. 1817లో థామస్ సే అనే కీటక శాస్త్రవేత్త పెట్టిన శాస్త్రీయ నామంలోనే 'డిస్ట్రక్టర్' అనే మాట ఉంది. నాశనం చేసేది అని.

వ్యవసాయ కోర్సు చదువుతూ, లేదా చదువు ముగించి అమెరికాలోని కాన్సాస్ లాంటి చోట గోధుమ బ్రీడింగ్‌లో చేరబోయే తెలుగు పిల్లల కోసం ఇది రాస్తున్నాను. కొత్తగా వచ్చినవాళ్లందరూ ఒకటే అడుగుతారు: ఏ జన్యువు వేద్దాం? ఆ ప్రశ్న మూడో మెట్టులో వస్తుంది. ముందు పురుగు సంగతి తేలాలి.

పురుగు ఏం చేస్తుంది, మొక్క ఏం చేస్తుంది

తల్లి ఈగ బతికేది రెండు మూడు రోజులే. ఆ కాస్త సమయంలోనే వంద నుంచి మూడొందల దాకా ఎర్రటి గుడ్లు ఆకు పైవైపున, ఈనెల మధ్య గాడుల్లో వరసగా పెడుతుంది. గుడ్డు పగిలాక పిల్ల ఆకు వెంట కిందికి పాకి, ఆకు తొడుగులోకి జారి, మొక్క మొదట్లో కూర్చుంటుంది. అది నమిలి తినే రకం కాదు. లాలాజలం వదిలి, ఆ చోటి కణాలను తనకు వండిపెట్టే వంటగదిగా మార్చుకుంటుంది. నాలుగైదు రోజులు గడిచేసరికి మొక్క ఎదుగుదల ఆగిపోతుంది, ఇక తిరిగి కోలుకోదు. ఆకులు ముదురు ఆకుపచ్చగా, పొట్టిగా, నిక్కబొడుచుకుని ఉంటాయి. చూడ్డానికి యూరియా ఎక్కువైన మొక్కలా కనిపిస్తుంది కాబట్టి మొదట్లో మోసపోతాం. చిన్న మొలకను గిడసబార్చడానికి ఒక్క పిల్ల చాలు. కణుపులు సాగే దశలో పడితే కాండం అక్కడ బలహీనపడి, కంకి బరువుకు విరిగి పడుతుంది.

తట్టుకునే రకంలో కూడా తల్లి గుడ్లు పెడుతుంది, పిల్ల అదే చోటికి దిగుతుంది. కాకపోతే మూడు నుంచి ఐదు రోజుల్లో, ఇంకా ఎర్రగా ఉండగానే చచ్చిపోతుంది. మొక్క ఏమీ జరగనట్టు పెరుగుతుంది. మనం వెతికే గుణం ఇదే. తొడుగు లోపల దాక్కున్న పురుగుకు మందు తగలడం కష్టం. చలికాలపు గోధుమను ఆలస్యంగా విత్తి ఈగను తప్పించుకోవచ్చని కాన్సాస్‌లో జిల్లాకో తేదీ చెప్పేవారు. వాయవ్యంలో సెప్టెంబర్ మధ్య, ఆగ్నేయంలో అక్టోబర్ మధ్య అన్నట్టు. కానీ ఎరల్లో చూస్తే ఆ తేదీల తర్వాత కూడా ఈగలు తిరుగుతున్నాయి. అందుకే భారమంతా రకం మీదే పడింది.

మొదటి మెట్టు: మీ దగ్గర ఉన్న ఈగ ఏదో తేల్చండి

గోధుమ మొక్కలో ఒక నిరోధక జన్యువు ఉంటే, దాన్ని దాటే శక్తి ఈగలోని ఒక జన్యువు మీద ఆధారపడుతుంది. తాళానికి తాళంచెవి అన్నమాట. ఈ లెక్కను హాచెట్, గాలన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1970లో ఈగలను సంకరం చేసి నిరూపించారు. ఆ తర్వాతి రోజుల్లో నాలుగు పరీక్ష రకాలు వాడేవారు: మోనన్, మ్యాగ్నమ్, కాల్డ్‌వెల్, సెనెకా. హెస్సియన్ ఈగను ఆపే జన్యువులకు హెచ్ అని పేరు, పక్కన ఒక అంకె. ఈ రకాల్లో వరసగా హెచ్3, హెచ్5, హెచ్6, హెచ్7-హెచ్8 జన్యువులు ఉన్నాయి. ఒక్కో రకం మీద ఈగ గెలిచిందా ఓడిందా అన్నదాన్నిబట్టి ఈగను తెగలుగా విడదీశారు, మొత్తం 16 బయోటైప్‌లు. నాలుగింటినీ ఓడించేది 'ఎల్' బయోటైప్.

ఇప్పుడు ముప్పైకి పైగా హెచ్ జన్యువులు పేర్లతో ఉన్నాయి. కాబట్టి అక్షరాల లెక్క సరిపోదు. మీ ప్రాంతపు ఈగల్లో ఎంత శాతం ఫలానా జన్యువును దాటుతున్నాయి అన్నదే కావాలి. కోత తర్వాత మొదళ్లు పీకి, అడుగు తొడుగులు ఒలిచి చూడండి. గోధుమ రంగులో నున్నగా అవిసె గింజల్లాంటివి అంటుకుని ఉంటాయి. అమెరికా రైతులు కూడా ఆ దశను అవిసె గింజ అనే పిలుస్తారు. పాత్రలో పోసి చూపిస్తే మన ఇంట్లో పచ్చడి చేయడానికి తీసుకుపోతారేమో అనిపిస్తుంది.

ఒకే పొలంలో వెయ్యి ఏరేకంటే ఇరవై పొలాల్లో యాభై చొప్పున ఏరడం మేలు. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ ఈగలో ఒక తల్లికి పుట్టే పిల్లలు సాధారణంగా అందరూ ఆడే, లేకపోతే అందరూ మగే. ఒకట్రెండు తల్లుల సంతానంతో కాలనీ మొదలుపెడితే పెళ్లికొడుకులు లేని పెళ్లిపందిరి అవుతుంది. ఇంకొక మాట, బతికున్న పురుగును ఊరూరా తిప్పడం ఇష్టారాజ్యం కాదు. అమెరికాలో రాష్ట్రం దాటించాలంటే వ్యవసాయ శాఖ అనుమతి తీసుకోవాలి.

రెండో మెట్టు: ఈగలను పెంచడం నేర్చుకోండి

దీన్ని చాలామంది టెక్నీషియన్ పని అని వదిలేస్తారు. నా ఉద్దేశంలో బ్రీడర్ కనీసం ఒక సీజన్ సొంత చేత్తో కాలనీ నడపాలి.

తట్టుకోలేని రకాన్ని (పోలిక కోసం పెట్టే రకాన్ని చెక్ అంటారు, అందరూ వాడేది న్యూటన్) ట్రేల్లో ఒత్తుగా మొలకెత్తించండి. మొదటి ఆకు పూర్తిగా విచ్చి రెండోది తొంగిచూస్తుండగా పల్చటి గుడ్డతో గుడారం కప్పి ఈగలను వదలండి. గది 18 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండాలి. పిల్లలు ఎదిగి అవిసె గింజ దశకు చేరాక నీళ్లు ఆపి, ఆ మొదళ్లను 4 డిగ్రీల కోల్డ్ రూమ్‌లో దాచండి. నెలల తరబడి నిలవ ఉంటాయి. అవసరమైనప్పుడు తీసి తడిపి 20 డిగ్రీల గదిలో పెడితే రెండు వారాల లోపే ఈగలు వస్తాయి. ట్రేలు మొలిచే రోజూ ఈగలు వచ్చే రోజూ కలవాలి. అందరికీ టెన్షన్ పెట్టేది ఇక్కడే. ఈగ మన కోసం మూడు రోజులు ఆగదు. ఒక్కో బ్యాచ్‌ను రెండు రోజుల తేడాతో బయటికి తీస్తే కాస్త ఊపిరి ఆడుతుంది.

కాలనీ స్వచ్ఛంగా ఉందో లేదో ఏడాదికి రెండుసార్లైనా పరీక్ష రకాల మీద వదిలి చూడండి. పక్క గదిలో ఇంకో బయోటైప్ పెంచుతుంటే కలిసిపోవడం ఎంతసేపు! ఒకసారి మా ట్రేల్లో నిరోధక చెక్‌లన్నీ గిడసబారాయి. వారం రోజులు విత్తనం కలిసిపోయిందనుకుని గింజ గింజా చూశాం. తీరా కలిసిపోయింది ఈగలు.

మూడో మెట్టు: జన్యువు ఎక్కడినుంచి తేవాలి

ఇప్పుడు మీ చేతిలో ఒక పట్టిక ఉంది: ఫలానా జన్యువు మీద మన ఈగల్లో ఇంత శాతం బతుకుతున్నాయని. అందులో ఈగ దాదాపుగా ఓడిపోతున్న జన్యువులను ఎంచుకోండి.

వాటిలో ఎక్కువ పనికొస్తున్నవి గోధుమ అడవి చుట్టం ఎజిలాప్స్ టౌషీ అనే గడ్డి నుంచి వచ్చాయి. హెచ్13, హెచ్22, హెచ్24, హెచ్26 అలాంటివే. రొట్టె గోధుమలో ఏ, బీ, డీ అని మూడు జతల జన్యుపదార్థం కలిసి 42 క్రోమోజోములు ఉంటాయి. డీ వాటా ఇచ్చింది ఈ గడ్డే. కాబట్టి తెచ్చిన ముక్క గోధుమ డీ క్రోమోజోముతో చక్కగా కలిసిపోతుంది. హెచ్21, హెచ్25 రై ధాన్యం నుంచి వచ్చాయి. అవి పరాయి క్రోమోజోము ముక్కలు కాబట్టి గోధుమ ముక్కతో మార్పిడి జరగదు, పక్కనున్న చెడ్డ గుణాలు కూడా వెంటబడి వస్తాయి.

అడవి గడ్డి నుంచి తెచ్చే దారులు రెండు. ఒకటి, డ్యూరం గోధుమను టౌషీతో కలిపి, వచ్చిన గొడ్డు మొక్కకు కాల్చిసిన్ అనే మందు పెట్టి క్రోమోజోములు రెట్టింపు చేయడం. దీన్నే సింథటిక్ గోధుమ అంటారు. మెక్సికోలోని సిమ్మిట్ సంస్థ ఇలాంటివి వందల్లో తయారు చేసింది. రెండోది, రొట్టె గోధుమతో నేరుగా సంకరం చేసి, గింజ ఎండిపోకముందే పిండాన్ని తీసి గాజుగొట్టంలో పెంచడం. మీరు కొత్తగా మొదలుపెట్టేవారైతే ఈ రెండూ చేయకండి. 1984లో మొదలైన కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ గోధుమ జన్యువనరుల కేంద్రం లాంటి చోట్ల ఈ కష్టం ఇప్పటికే పడి, జన్యువును గోధుమలోకి చేర్చిన లైన్లు, అంటే స్థిరపడిన విత్తన వరసలు, ఉన్నాయి. న్యూటన్‌లోకే హెచ్9 చేర్చిన ఐరిస్, హెచ్13 చేర్చిన మాలీ అలాంటివి. తయారుగా ఉన్న దారం ఉండగా పత్తి వడకడం ఎందుకు?

ఎంచేముందు ఒక్క పరీక్ష తప్పనిసరి. కొన్ని జన్యువులు 18 డిగ్రీల దగ్గర పులుల్లా ఉండి, వేడి పెరిగితే పిల్లులవుతాయి. హెచ్18 అలాంటిదని పేరు పడింది. మీ ప్రాంతంలో విత్తే నాటికి ఎండ ఉంటే 24, 26 డిగ్రీల దగ్గర కూడా చూసి నిర్ణయించండి.

నాలుగో మెట్టు: క్రాసింగ్

గోధుమ తన పుప్పొడితో తానే కట్టుకునే పంట. చలికాలపు రకాలైతే మొలకలను ముందు ఆరు నుంచి ఎనిమిది వారాలు 4 డిగ్రీల చలిలో ఉంచాలి, లేకపోతే పొట్టకు రావు.

కంకి పొట్ట నుంచి బయటపడుతుండగా, లోపలి పరాగకోశాలు ఇంకా పచ్చగా ఉన్నప్పుడు పని మొదలుపెట్టండి. పైన, కింద ఉన్న బలహీనమైన చిరుకంకులు తీసేయండి. మిగిలిన ప్రతి చిరుకంకిలో మధ్య పూలు పీకి, పక్కనున్న రెండు పెద్ద పూలు ఉంచండి. పైపొట్టు కొస కత్తిరించి, సన్నని చిమటాతో ఒక్కో పువ్వులోని మూడేసి పరాగకోశాలు తీయండి. రెండు తీసి మూడోది మర్చిపోవడం అందరూ చేసే తప్పు. కోశం చితికి పసుపు పొడి కనిపిస్తే ఆ పువ్వును వదిలేయండి. కాగితం సంచి తొడిగి తేదీ రాయండి. రెండు నుంచి నాలుగు రోజుల్లో కీలాగ్రం ఈకలా విచ్చుకుంటుంది. అప్పుడు తండ్రి కంకి నుంచి పసుపు రంగుకు తిరిగిన తాజా పరాగకోశాలు తెచ్చి అద్దండి. కుడిచేత్తో రాసేవాళ్లకు ఎడమచేత్తో కంకి పట్టుకోవడం అలవాటు కావడానికి ఒక వారం పడుతుంది, అంతే.

మీ ప్రాంతంలో దిగుబడి, రొట్టె నాణ్యత నిరూపించుకున్న రకాన్నే తల్లిగా, తిరిగి తిరిగి సంకరం చేసే రకంగా పెట్టుకోండి. పురుగును ఆపి రొట్టె పొంగని రకాన్ని ఏ మిల్లూ కొనదు.

ఐదో మెట్టు: ట్రేలో వడపోత

సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం.

ట్రేలో వరసలు గీసి, ఒక్కో లైనుకు ఇరవై దాకా గింజలు వేయండి. ప్రతి ట్రేలో తట్టుకోలేని చెక్ ఒకటి, మీ జన్యువున్న దాత లైను ఒకటి తప్పక ఉండాలి. ఒకటి, ఒకటిన్నర ఆకు దశలో గుడారం కప్పి, జతకట్టిన ఆడ ఈగలను వదలండి. మర్నాడు భూతద్దంతో ఆకుల మీద గుడ్లు లెక్కపెట్టండి. మూడు వారాల లోపు ఫలితం కనిపిస్తుంది.

గిడసబారి, మొదట్లో తెల్లగా బతికున్న పిల్లలు ఉంటే మొక్క ఓడినట్టు. ఏపుగా పెరిగి, తొడుగు ఒలిస్తే మొదట్లో చచ్చిన ఎర్రటి చిన్న పిల్లలు కనబడితే గెలిచినట్టు. ఏపుగా ఉంది కానీ ఏ పిల్లా లేదు అంటే అది గెలవలేదు, దాని మీద దాడే జరగలేదు. దాన్ని గెలిచిందని రాసుకుంటే మూడేళ్ల తర్వాత పొలంలో తెలుస్తుంది. కాబట్టి ఒలవకుండా మార్కు వేయకండి.

గుడ్లు తక్కువైతే ఈ తప్పు జరుగుతుందని కొందరు గుడారంలో ఈగలను కుమ్మరిస్తారు. అది ఇంకా పెద్ద తప్పు. ఎందుకంటే ఒక మొక్కలో పది పిల్లలు దిగి, వాటిలో ఒక్కటి జన్యువును దాటగలదైతే, అది మొక్కను లొంగదీసుకున్నాక మిగిలిన చేతకాని పిల్లలు కూడా అదే కంచంలో తిని బతికిపోవచ్చు. లెక్క వేసుకోండి. మీ కాలనీలో దాటగల పిల్లలు 5 శాతం ఉన్నాయనుకుందాం. మొక్కకు పది పిల్లలు దిగితే, కనీసం ఒక్కటైనా దాటగలది ఉండే అవకాశం 40 శాతం. ఇరవై దిగితే 64 శాతం. అంటే మంచి జన్యువున్న మొక్కల్లో సగానికి పైగా చెడ్డవిగా కనిపిస్తాయి, మీరు వాటిని చెత్తబుట్టలో వేస్తారు. నేనైతే మొక్కకు సగటున ఐదారు గుడ్ల దగ్గర ఈగలను తీసేయిస్తాను. చెక్ లైనులో నూటికి తొంభై ఐదు మొక్కలు గిడసబారకపోతే ఆ ట్రే మొత్తం మళ్లీ చేయిస్తాను.

ఎఫ్2లో, అంటే సంకరం తర్వాతి రెండో తరంలో, మూడు వంతులు తట్టుకుని, ఒక వంతు పడిపోతే ఒకే బలమైన జన్యువు పనిచేస్తోందని అర్థం. లెక్క కుదరకపోతే ముందు గుడ్ల సంఖ్యను అనుమానించండి, తర్వాతే కొత్త జన్యువు దొరికిందని సంబరపడండి.

ఆరో మెట్టు: వెనక్కి సంకరం, జన్యువుల జోడింపు

దాత లైనులో మనకు కావాల్సింది ఒక్క జన్యువే. మిగతాదంతా వదిలించుకోవాలి. మంచి రకంతో ఒకసారి వెనక్కి సంకరం చేస్తే సగటున 75 శాతం మంచి రకం వస్తుంది. రెండోసారికి 87.5, మూడోసారికి 93.75. ప్రతిసారీ సగం మొక్కల్లోనే జన్యువు ఉంటుంది కాబట్టి కనీసం ఒక్కటైనా దొరికేందుకు 99 శాతం భరోసా కావాలంటే ఏడు మొక్కలు చాలు. పని తేలికే.

రెండు జన్యువులు ఒకే రకంలో పెట్టేటప్పుడు మాత్రం ఈగల పరీక్ష చేతులెత్తేస్తుంది. ఒక జన్యువున్న మొక్కా, రెండున్న మొక్కా ఈగకు ఒకేలా కనిపిస్తాయి, రెండింటిలోనూ పిల్ల చస్తుంది. ఇక్కడ డీఎన్ఏ మార్కర్లు, అంటే జన్యువు పక్కనే ఉండే గుర్తులు, అక్కర. ఆకు ముక్క గిల్లి రెండు జన్యువుల మార్కర్లూ చూడాలి. రెండూ వేర్వేరు క్రోమోజోముల మీద ఉంటే, ఎఫ్2లో రెండూ స్థిరపడ్డ మొక్క పదహారింట ఒకటి. 95 శాతం భరోసాకు 47 మొక్కలు చూడాలి. డబుల్డ్ హాప్లాయిడ్ పద్ధతిలో అయితే నాలుగింట ఒకటి, 11 లైన్లు చాలు. ఆ పద్ధతి వినడానికి వింతగా ఉంటుంది. గోధుమ పువ్వు మీద మొక్కజొన్న పుప్పొడి చల్లుతారు. పిండం కడుతుంది, మొక్కజొన్న క్రోమోజోములు వాటంతటవే రాలిపోతాయి, మిగిలిన ఒంటి జత గోధుమ పిండాన్ని గాజులో పెంచి కాల్చిసిన్‌తో రెట్టింపు చేస్తారు. నాలుగైదు తరాల కాలం కలిసొస్తుంది. ఎండాకాలపు గోధుమలకైతే రోజుకు 22 గంటల వెలుతురు ఇచ్చి ఏడాదిలో ఆరు తరాల దాకా తీసుకునే స్పీడ్ బ్రీడింగ్ కూడా ఉంది.

హెచ్24, హెచ్26 రెండూ 3డీ అనే ఒకే క్రోమోజోము భుజం మీద ఉన్నాయి. అలాంటి జంటను కలపబోయి సంవత్సరాలు పోగొట్టుకోవద్దు. 6డీ మీద ఉన్న హెచ్13కు 3డీ మీదున్నదాన్ని జతచేయడం నయం. మార్కర్ చూపించినా ఆఖరి లైన్లను ఈగలతో ఇంకోసారి పరీక్షించండి. మార్కర్ జన్యువు పక్కింటి అడ్రసే చెబుతుంది, జన్యువు ఇంట్లో ఉందో లేదో ఈగ చెప్పాలి.

ఏడో మెట్టు: పొలం

దిగుబడి, తుప్పు తెగుళ్లు, పడిపోవడం, పిండి నాణ్యత, పలు చోట్ల కొన్నేళ్ల పరీక్షలు. ఏ రకానికైనా ఉన్నవే కాబట్టి ఇక్కడ విడిగా రాయను. ఒక్క సలహా, ఈగ లేని చోట కూడా పరీక్షించండి. జన్యువుతో పాటు వచ్చిన ముక్క దిగుబడిని కొరికేస్తుంటే ఈగ లేనిచోటే బయటపడుతుంది. మొదటి సంకరం నుంచి విడుదల దాకా పదేళ్లు పైచిలుకు పట్టడం మామూలే.

ఎనిమిదో మెట్టు: విడుదల తర్వాత

ఒక్క జన్యువున్న రకాన్ని లక్షల ఎకరాల్లో పరిస్తే, దాన్ని దాటగల ఈగలే మిగిలి పెరుగుతాయి. ఇండియానాలో హెచ్ జన్యువులకు అదే గతి పట్టింది. వేరే పురుగులోనూ ఇదే కథ. కొలరాడోలో 1994లో వచ్చిన హాల్ట్ అనే రకం రష్యన్ గోధుమ పేనును డీఎన్4 జన్యువుతో ఆపింది. 2003లో దాన్ని లెక్కచేయని పేను అదే రాష్ట్రంలో దొరికింది. వరిలో మనమూ చూశాం. సియామ్ 29 నుంచి వచ్చిన జన్యువుతో ఉల్లికోడును ఆపిన ఫల్గుణ రకం 1980ల్లో ఉత్తర కోస్తాలో కొత్త బయోటైప్‌కు లొంగిపోయింది.

కెనడాలో గోధుమ పూత ఈగ (మిడ్జ్) మీద ఒక తెలివైన పని చేశారు. దాన్ని ఆపడానికి చేతిలో ఉన్నది ఎస్ఎమ్1 అనే ఒకే ఒక్క జన్యువు. అందుకే 2010 నుంచి తట్టుకునే విత్తనం 90 శాతం, తట్టుకోలేనిది 10 శాతం కలిపిన సంచులే అమ్ముతున్నారు. ఆ పది శాతం మొక్కల మీద మామూలు ఈగలు బతికి, ఎక్కడైనా జన్యువును దాటిన ఈగ పుడితే దానితో జతకడతాయి, పిల్లలకు ఆ శక్తి పైకి రాదు. ఏళ్ల తరబడి సొంత విత్తనం వాడితే ఆ పాళ్లు చెదిరిపోతాయి కాబట్టి, సర్టిఫైడ్ విత్తనం తర్వాత ఒక్క తరమే దాచుకుంటామని రైతులు సంతకం పెడతారు. హెస్సియన్ ఈగలోనూ దాటే శక్తి ఎక్కువగా అణిగి ఉండే గుణమే కాబట్టి ఈ ఉపాయం ఇక్కడా ఆలోచించదగ్గదే. పక్కవాళ్ల దగ్గర విత్తనం బదులు తెచ్చుకునే అలవాటున్న చోట అమలు చేయడం మాత్రం కష్టం.

ఇక మీ వంతు పని. విడుదలైన రకం వేసిన పొలాల్లో ఏటా మొదళ్లు పీకి, అవిసె గింజలు ఏరి, ఆ ఈగలను మీ రకం మీదా, ఇంకా వాడని జన్యువుల లైన్ల మీదా వదలండి. రకం మీద బతికే పిల్లల శాతాన్ని ఏడాదికేడాది ఒకే పట్టికలో రాయండి. 1, 2, 2, 4, 9 అని అంకెలు ఎక్కుతుంటే 20 దాకా ఆగకండి. కోల్డ్ రూమ్‌లో తర్వాతి జన్యువుతో మూడోసారి వెనక్కి సంకరం అయిన విత్తనం కవర్ ఈపాటికే ఉండాలి. లేకపోతే రేపు ఉదయమే తల్లి కంకులకు సంచులు తొడగండి.